పదకొండో గడిలో గాజుల కొలత

మా కార్డులో పది గడులు ఉండేవి. అచ్చేయించి మద్రాసు నుంచి కట్టలు కట్టలు పంపేవాళ్ళు. వయసు, ఎన్నో కాన్పు, ఎన్నో నెల, బరువు, బీపీ, కాళ్ళ వాపు, తలనొప్పి, చూపు, మూత్రం, ఆఖర్న ఇతరములు. పదకొండో గడి నేను స్కేలు పెట్టి గీసుకున్నది. దాంట్లో గాజుల కొలత రాసేదాన్ని.

మొన్న నర్సింగు పిల్లలు ఇద్దరు ఇంటికొచ్చి, పెట్టెలో ఉన్న పాత కార్డొకటి చూసి, ఇదేందవ్వా గర్భిణీకి గాజులెందుకు అని పడీపడీ నవ్వినారు. నాకు కోపమొచ్చింది. తొంభై దాటినా అదొక్కటీ తగ్గలేదు. వాళ్ళు కార్డుని ఫొటో తీసుకుని పోయినాక నేనూ ఫోను చేతిలో పెట్టుకుని కూర్చున్నా. ఇది చేతిలోంచి దించనని ఇంట్లో తిడతారు. ఎందుకు దించుతా? ఇట్టాంటిదొకటి ఆ రోజు ఉదయగిరి దగ్గర నా చేతిలో ఉండుంటే సగం యాతన తప్పేది. అందుకే దీంట్లోనే చెప్తుండా. నవ్విన పిల్లలూ, వినండి.

నేను పుట్టి పెరిగింది మద్రాసులో. తెలుగోళ్ళమే గానీ ట్రాము గంట వినపడకపోతే నిద్రపట్టని రకం. నర్సింగూ, మిడ్‌వైఫరీ రెండూ పాసైనా. ఒకరోజు వార్డులో పెద్ద సిస్టరు చెయ్యని తప్పు నా మీద వేస్తే చేతిలో ట్రే నేలకేసి కొట్టినా. కత్తెర్లు మంచాల కింద దాకా దొర్లినాయి. వారం తిరక్కుండా ఒక డాక్టరమ్మ పిలిపించింది. ఆమె గుర్రపువాతం మీద పరిశోధన చేస్తుండాది. కడుపుతో ఉన్నామెకు ఒళ్ళు నీరు పట్టి, బీపీ పెరిగి, ఉన్నట్టుండి ఫిట్స్ వస్తాయే, అదీ. ఆస్పత్రికొచ్చేవాళ్ళంతా ఫిట్స్ వచ్చినాక వచ్చేవాళ్ళే. రాకముందు ఒంట్లో ఏం జరుగుతుందో తెలియాలంటే ఆస్పత్రి మొహం చూడని పల్లెలకే పోవాలని ఆమె పట్టు. తెలుగొచ్చా అని అడిగింది. వచ్చన్నా. కోపం తగ్గుతుందా అని అడగలేదు. ఎవరూ పోనన్న చోటికి నన్ను పంపితే వార్డూ బాగుపడతాది, పరిశోధనా జరుగుతాది అనుకునుంటారు.

అట్ట వచ్చి ఆత్మకూరులో దిగినా. తెలుగు రాష్ట్రం వేరే వస్తుందా రాదా అని టీకొట్ల దగ్గర మొగోళ్ళు కొట్లాడుకునే రోజులు. ఆస్పత్రి వెనక ఒక గది. దాంట్లో నా మంచం, స్పిరిట్ దీపం, టెస్ట్‌ట్యూబులు. వారంలో కొన్ని రోజులు అనంతసాగరం వైపు పల్లెలు, కొన్ని రోజులు ఉదయగిరి వైపు. నా మద్రాసు మాట విని ఆడోళ్ళు నోట్లో కొంగు కుక్కుకుని నవ్వేవాళ్ళు. తర్వాత ఈ జిల్లాలోనే ఉండిపోయినా కాబట్టి ఇప్పుడు నాదీ వాళ్ళ మాటే.

పరీక్ష చానా తేలిక. మూత్రం ట్యూబులో పోసి దీపం మీద కాచేది. తేటగా ఉంటే మంచిది. ఉడికిన కోడిగుడ్డు సొనలాగా తెల్లగా గడ్డ కడితే ప్రమాదం. డాక్టరమ్మ నాకు మద్రాసులోనే నూరిపోసింది. కాళ్ళ వాపు అబద్ధం చెప్తాది, ఎండలో నడిచినా వస్తాది. తలనొప్పి ఎవరికైనా వస్తాది. మూత్రం మాత్రం అబద్ధం చెప్పదు.

మరి బీపీ సంగతేంది అంటారు. చెప్పాల్సిందే. అప్పట్లో బీపీ మిషనంటే చెక్కపెట్టెలో పాదరసం గొట్టం. ఒకరోజు బస్సు కండక్టరు దాన్ని ఒళ్ళో పెట్టుకోనీకుండా టాపు మీద వెయ్యమన్నాడు. బస్సంతా వినేట్టు నేనూ వాడూ తిట్టుకున్నాం. ఆఖరికి, ఇంద నువ్వే ఊరేగు దీంతో అని పెట్టెను పైకి విసిరినా. గొట్టం పగిలి పాదరసం టాపంతా పూసల్లాగా దొర్లింది. 'ప్రయాణంలో పగిలినది' అని మద్రాసుకు రాసినా. అబద్ధం కాదు, నిజమూ కాదు. కొత్తది రావడానికి నెలలు పట్టింది. ఆ నెలలన్నీ నా కార్డుల్లో ఐదో గడి ఖాళీ. బండంతా మూత్రం గడి మీదే నడిచింది.

ఉదయగిరి కొండ కింద ఒక చిన్న పల్లె. మెట్టపొలాలు, మేకలు, కొండకు పోయి కట్టెలు కొట్టుకొచ్చే జనం. సాయంత్రం పోయి కడుపుతో ఉన్నవాళ్ళకు పేరు చీటీ అంటించిన ఖాళీ మందు సీసాలు పంచేదాన్ని. రాత్రికి ఉదయగిరిలో ఉండి, పొద్దున్నే వచ్చి తీసుకుపొయ్యేదాన్ని. వేరే పల్లెల్లో సీసా ఇస్తే దాంట్లో ఆముదం పోసుకునేవాళ్ళు, పిల్లోళ్ళకు ఆడుకోను ఇచ్చేవాళ్ళు. నేను తిట్టి పోసేదాన్ని. ఈ పల్లెలో మాత్రం ఒక ఇంటి అరుగు మీద సీసాలన్నీ బిరడాలు పెట్టి, వరసగా, నా కోసం కాచుకోనుండేవి. ఆ ఇంటి పెద్దామె నాకు మజ్జిగ కూడా ఇచ్చేది. ఆమె కోడలికి తొలిచూలు. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. తల్లి లేని పిల్ల, అత్తనే అమ్మా అని పిలిచేది. కట్టెలు కొట్టే మొగుడు వారానికోసారి కొండ దిగేవాడు.

ఆ పల్లెలో ప్రతి సీసా తేట. ఈ నెలా తేటే, వచ్చే నెలా తేటే. డాక్టరమ్మ నుంచి ఉత్తరం వచ్చింది. మిగతా అన్ని చోట్లా ఎవరో ఒకరికి వస్తుంటే ఆ ఒక్క పల్లెలో ఎవరికీ రాకపోవడమేంది, వాళ్ళేం తింటారో రాయి, ఏ నీళ్ళు తాగుతారో రాయి అని. రాసినా. సజ్జ సంగటి, ఉలవచారు, చింతాకు పులుసు. బావి నీళ్ళు జాడీలో పట్టి పంపినా. తర్వాత ఉత్తరంలో ఆమె అక్షరాలే మారిపోయినాయి, సంతోషానికి చెయ్యి నిలిచినట్టు లేదు. ఏ దేశంలోనూ ఎవరికీ అంతుపట్టని జబ్బుకు విరుగుడు మా పల్లె సంగట్లో దొరికేట్టుండాది. నాకూ తల తిరిగింది. ఆత్మకూరులో అన్నం మానేసి సంగటి తినడం మొదలుపెట్టినా.

నాకేం అనుమానం రాలేదని చెప్పను. అన్ని సీసాలదీ ఒకే రంగు, ఒకే వాసన. ఒకే పల్లె, ఒకే తిండి కదా అని సర్దుకున్నా. మనకు కావాల్సిందే కనపడుతుంటే ఎవరు మాత్రం రెండోసారి చూస్తారు?

ఆఖరికి డాక్టరమ్మే బయల్దేరి ఆత్మకూరు వచ్చింది. ఎల్లుండి పల్లె చూస్తానంది. అన్నీ సిద్ధం చేసేదానికి నేను ఆ సాయంత్రమే పోయినా. మర్నాడు పొద్దున సీసాలు ఉదయగిరికి తెచ్చి చూస్తే ఎప్పట్లాగే తేట. ఆ మధ్యాహ్నమే పెద్దామె ఇంట్లో కోడలికి గాజులు తొడిగే వేడుక. ఏడో నెల నిండుతుండాది. నన్నూ రమ్మన్నారు, పోయినా.

గాజులు తొడగను వచ్చినామె ఉదయగిరి సాయిబుల వీధి ముసలామె. భుజాన గాజుల మూట, మలారం అంటారు దాన్ని, వేసుకుని ఊరూరూ తిరిగేది. ఆ చుట్టుపక్కల ఆమె పట్టని ఆడచెయ్యి లేదు. అందరూ గాజులవ్వ అనేవాళ్ళు. ఆమె ఆ పిల్ల వేళ్ళు దగ్గరికి మడిచి పచ్చ గాజు ఎక్కించబోతే మెటికల దగ్గర ఆగిపోయింది. ఇంకో కొలత తీసింది. అదీ ఆగింది. చుట్టూ ఆడోళ్ళు నవ్వినారు. అత్త మజ్జిగ ఒంటబట్టిందని ఒకామె, కాదు మొగుడు కొండ మీద నుంచి తేనె తెచ్చి తాగిస్తుండాడని ఇంకొకామె. గాజులవ్వ నవ్వలేదు.

"పెళ్ళికి రెండూ నాలుగు కొలతవి వేసినా. ఉగాదికీ అవే. ఇప్పుడు రెండూ ఎనిమిది ఎక్కడంలే," అనింది నా వైపు తిరిగి. "నర్సమ్మా, కడుపొస్తే ఒళ్ళొస్తాది. ఎముక మీద ఇంత రాదు. ఇది నీళ్ళ చెయ్యి."

పది మందిలో అనేసరికి నాకు చర్రుమనింది. "నువ్వు గాజులు చూసుకో అవ్వా. పరీక్ష చేసేదాన్ని నేనుండా. పొద్దున్నే చూసినా, తేటగా ఉండాది."

గాజులవ్వ ఆ పిల్ల ముంజేతి మీద బొటనవేలు పెట్టి నొక్కి తీసింది. గుంట పడింది. పడిన గుంట పడినట్టే ఉండాది.

"సీసాలో లేకపోతే ఇది యాడినుంచి వచ్చింది తల్లీ?"

మూత్రం అబద్ధం చెప్పదు. సరే. మరి ఈ గుంట? అప్పుడు ఆ పిల్లను సరిగ్గా చూసినా. నెలల తరబడి సీసాలనే చూసినా గానీ మనిషిని చూడలేదు. కంటిరెప్పలు ఉబ్బినాయి. ఉగాదికి వేసిన పాత గాజులు చేతిలోకి దిగబడి, కండ పైకి తేలుండాది. తలనొప్పి ఉండాదా అని అడిగితే అత్త వైపు చూసింది. రెండ్రోజులుగా కళ్ళ ముందు మిణుగురు పురుగులు ఎగురుతుండాయని మెల్లిగా చెప్పింది. రేపు పెద్ద డాక్టరమ్మ వస్తుందని ఊరంతా సంబరంగా ఉంటే ఎందుకు చెడగొట్టేదని ఊరుకుందంట.

ఇంకో సీసా తీసి, ఇప్పుడే, నేను చూస్తుండగానే ఒంటి నీళ్ళు పట్టియ్యాలన్నా. పెద్దామె లేచి నాకూ కోడలికీ అడ్డంగా నిలబడింది. కుదరదనింది. నేను అరిచినా. చదువు లేని జనమన్నా, కోడల్ని చంపుకుంటారా అన్నా, ఇంకా ఏమేమో అన్నా. గాజుల వేడుకలో ఆ మాటలు. ఆడోళ్ళంతా తలలు దించుకున్నారు. పెద్దామె మాత్రం నన్నే చూస్తూ నిలబడింది.

"పొద్దున నువ్వు చూసిన నీళ్ళు దానివి కావమ్మా. నావి."

"మిగతావాళ్ళవి?"

"అన్నీ నావే. పల్లెంతటికీ నేనే పోసినా."

అరుగు మీదే కూర్చుండిపోయినా. అప్పుడు చెప్పినారు, ఒకరు తడబడితే ఇంకొకరు అందుకుని. ఆ పల్లెలో చూలింత ఒంటి నీళ్ళు పొలిమేర దాటకూడదు. దాటితే కడుపు కూడా దాటిపోతాదని వాళ్ళ భయం. నేనేమో సీసాల్లో పట్టుకుని ఉదయగిరి పోతుండా. అంతా కూర్చుని ఆలోచించి, కాన్పులు ఎప్పుడో ఆగిపోయిన మనిషివైతే దాటినా నష్టం లేదు కదా అని ఈమెను ఒప్పించినారు. నేను పోయే పొద్దుల్లో ఆమె తెల్లారకముందే లేచి చెంబులు చెంబులు నీళ్ళు తాగేదంట. వద్దని నా మొహాన చెప్పి ఉండచ్చు కదా అంటే, ఖాళీ సీసాలతో పోతే మీ డాక్టరమ్మ నిన్ను తిడతాదేమో, తల్లిని వదిలి ఇంత దూరం వచ్చిన పిల్లవి అనింది. నా కోసం చేసినారు. మద్రాసులో పెద్దపెద్దోళ్ళు ఎదురుచూస్తున్న విరుగుడు సంగట్లోనూ లేదు, బావిలోనూ లేదు. ఒక ముసలామె మంచితనంలో ఉండాది.

సంచిలోంచి స్పిరిట్ దీపం తీసి వాళ్ళ వాకిట్లోనే పెట్టినా. ఇక్కడే కాస్తా, ఇక్కడే పారబోస్తా, గడప కూడా దాటదు అన్నా. పెద్దామె వెంటనే పక్కకు జరిగింది. అంతే. ఆ ఒక్క మాట నేను మొదటిరోజే అడిగుంటే చాలు. పల్లెలకు పోయినప్పుడల్లా దీపం నా సంచిలోనే ఉండేది కదా.

ట్యూబు వేడెక్కీ ఎక్కకముందే తెల్లగా విరిగి, పెరుగు తోడుకున్నట్టు గడ్డ కట్టింది. పెద్దామె చూసింది. దాన్ని చదివేదానికి చదువక్కర్లేదు. పోదాం పద అనింది.

పడక, మందు, డాక్టరమ్మ అన్నీ ఆత్మకూరులో. ఫోను చెయ్యాలంటే ఉదయగిరికి పరిగెత్తాల. రోడ్డు మీద కట్టెల లారీ ఒకటి కనపడితే దానికి అడ్డం నిలబడినా. డ్రైవరు కడుపుతో ఉన్నామెను ఎక్కించుకోనన్నాడు. నా కోపం జీవితంలో పనికొచ్చింది ఆ ఒక్కసారే. పావుగంటలో సగం కట్టెలు దించి, గోనెలు పరిచినారు. పెద్దామె ఎక్కింది. పిలవకుండానే గాజులవ్వ కూడా మలారం వేసుకుని ఎక్కింది.

వెలుతురు, చప్పుడు తగిలితే ఫిట్స్ వస్తాయని ఆ పిల్ల మీద టార్పాలిన్ కప్పి నీడ చేసినా. నాకు గాజుల భయం. ఫిట్స్ వచ్చి చేతులు కొట్టుకుంటే గాజులు పగిలి నరాలు తెగుతాయి. పగలగొట్టి తీసేద్దామన్నా. పెద్దామె రెండు చేతులూ అడ్డం పెట్టింది. మొగుడున్నదాని గాజులు పగలగొట్టేదా అని. మళ్ళీ అరవబోయినా. గాజులవ్వ నా మోకాలు మీద చెయ్యేసి ఆపింది. మలారంలోంచి ఆముదం బుడ్డి తీసింది. ఆ గుంతల రోడ్డులో, ఎగిరెగిరి పడుతున్న లారీలో, ఉబ్బిన ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, ఆముదం రాసి, నీరు పైకి పోయేట్టు ఒత్తి ఒత్తి, వేళ్ళు ఒక్కొక్కటే మడుస్తూ, ఏదో ఉర్దూలో గొణుక్కుంటూ ఒక్కో గాజే జార్చింది. ఒక్కటీ చిట్లలేదు. తీసిన గాజు తీసినట్టు పెద్దామె తన చేతికి ఎక్కించుకుంది. ఆఖరి గాజు వచ్చినాక, ఆత్మకూరు ఊళ్ళోకి మళ్ళుతుండగా, ఆ పిల్ల పళ్ళు బిగిసినాయి. కళ్ళు పైకి పోయినాయి.

డాక్టరమ్మ చీకటి గది, మత్తు సూది, చెయ్యగలిగిందంతా చేసింది. అప్పట్లో ఉన్నది అంతే. మళ్ళీ ఫిట్స్ వచ్చినాయి, తగ్గినాయి, వచ్చినాయి. రెండో రోజు పొద్దున కాన్పు అయ్యింది. ఆడబిడ్డ. అరచెయ్యంత ఉండాది. ఆ సాయంత్రం దాకా బతికింది. తల్లి దక్కింది.

నేను వరండాలో డాక్టరమ్మ ముందు నిలబడి అన్నీ చెప్పినా. సీసాల సంగతి, బస్సు టాపు మీద మిషను సంగతి. బీపీ చూసుంటే నెల ముందే పట్టుకునేవాళ్ళమని ఆమె అనలేదు. అనకపోవడమే నాకు తగిలింది. పల్లె కార్డులన్నీ తెప్పించి అడ్డంగా గీత కొట్టింది. సంగటి కాయితాల దగ్గరికి వచ్చేసరికి ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళజోడు తీసి తుడుచుకుంది. అది నవ్వో ఏడుపో నాకు తెలీలేదు. తర్వాత గాజులవ్వను పిలిపించి, ఈ చుట్టుపక్కల ఎవరెవరి చేతి కొలత గుర్తుందో చెప్పమనింది. ఆమె వరండాలో కూర్చుని వేళ్ళు మడుస్తూ చెప్పుకుంటూ పోయింది. ఫలానా ఇంటి చిన్నకోడలు పెళ్ళికి ఇంత, శ్రీమంతానికి ఇంత, మొన్న ఇంత. మా పది గడుల కంటే పాత లెక్క అది, కొన్నేండ్లది. ఆ రోజే స్కేలు పెట్టి పదకొండో గడి గీసినా.

అది గొప్ప కిటుకని నేను చెప్పడంలే. రెండేండ్లు రాసినా. చేతులు ఉబ్బి గాజులు దిగనివాళ్ళు చానామంది సుఖంగా కన్నారు. కలిగిరి దగ్గర ఒకామెకు గాజులు వదులుగా జారుతుండగానే, ట్యూబు తేటగా ఉండగానే, బిడ్డను కన్న మర్నాడు ఫిట్స్ వచ్చి ప్రాణం పోయింది. అన్నీ సరిగ్గా చూసినా. నా కళ్ళ ముందే కాచినా. ఎందుకు పోయింది? డాక్టరమ్మను అడిగితే నాకూ తెలీదనింది. ఆమె నాకు నేర్పినవాటిల్లో అదొకటి, ఆ మాట పైకి అనడం. ఈలోగా రాష్ట్రం వేరైంది, మద్రాసు వేరే రాష్ట్రమైంది, మా కాయితాలు ఎవరివో తేలక పని ఆగిపోయింది. రిపోర్టు అచ్చయినప్పుడు దాంట్లో పది గడులే. పదకొండోది లేదు. కొట్లాడేదానికి మద్రాసు పోదామనుకున్నా. ఏమని కొట్లాడాల్నో తేల్చుకోలేక మానుకున్నా.

నేను ఆత్మకూరు ఆస్పత్రిలోనే నర్సుగా చేరినా. ఒకరోజు పొద్దున వరండాలో పెద్దామె కూర్చోనుండాది. ఉదయగిరి బస్సు దిగి వచ్చింది. నాకు మంచీచెడ్డా చెప్పకుండానే కొంగులో చుట్టి గుండెకానించుకున్నది తీసి నా చేతిలో పెట్టింది. ఒక సీసా. మా పాత సీసాయే. చీటీ మీద నా రాతే, సగం చెరిగిపోయి. ఇంకా గోరువెచ్చగా ఉండాది.

"దానికి మళ్ళీ నెల తప్పిందమ్మా. ఐదో నెల," అనింది. "ఇది నాది కాదు. దానిదే. పొలిమేర దాటిచ్చినా."

దీపం వెలిగించినా. ఆమె నా భుజం పక్కనే నిలబడింది. ఇద్దరం ట్యూబునే చూస్తుండాం. వేడెక్కింది, బుడగలొచ్చినాయి, పొంగింది. తేటగానే ఉండాది. పెద్దామె ఊపిరి వదిలింది. నాకు మాత్రం భయమేసింది. తేటగా ఉన్న ట్యూబును చూస్తే నాకు ఆ తర్వాత జన్మలో ధైర్యం రాలేదు. ఇది నిజంగా దానిదేనా అని నోటిదాకా వచ్చింది. ఆమె మొహం చూసి మింగేసినా. ఒక్కటే అడిగినా.

"గాజులెట్ట ఉండాయి?"

పెద్దామె తన చేతులు చాపి చూపించింది. ఆ రోజు లారీలో ఎక్కించుకున్న గాజులు ఒకటి రెండు తప్ప లేవు. మిగతావి తిరిగి కోడలికి ఇచ్చేసిందంట.

"దాని చేతికి జారతుండాయమ్మా," అనింది. "పొద్దున్నే గాజులవ్వను పిలిచి చూపించే వచ్చినా."